కొబ్బరికాయ లేచిన రోజు

మొన్న వేసవిలో మాచర్ల నుంచి బాబాయి ఫోన్ చేశాడు. మా నాన్నకు ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్లిళ్లలోనూ పెద్దకర్మల్లోనూ ఎదురుపడితే "బాగున్నావా" అంటే "బాగున్నా" అనుకోవడం తప్ప మా ఇద్దరి మధ్యా సరైన మాటల్లేక చాలా ఏళ్లయింది. అలాంటి మనిషి తనంతట తాను ఫోన్ చేసి, "అమ్మడూ, ఒకసారి వచ్చిపో. నీకొక మాట చెప్పాల. అది చెప్పకుండా పోవడం నాకిష్టం లేదు" అన్నాడు. ఆ "అమ్మడూ" అన్న పిలుపు విని ఎన్నేళ్లయిందో. వెంటనే వస్తానన్నాను.

ఆ మాటేమిటో నాకు తెలుసనే అనుకున్నాను. ఆ మాట కోసమే చిన్నప్పటి నుంచీ కాచుకుని కూర్చున్నదాన్ని. "ఆ రోజు నేను అబద్ధం చెప్పానమ్మా" అంటాడు. అంతే. క్షమాపణలు అక్కర్లేదు, ఏడుపులు అసలే అక్కర్లేదు. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరై, నరసరావుపేటలో ఉంటూ పిల్లల కోసం సైన్సు పుస్తకాలు రాసుకుంటున్నదాన్ని. మీకు సైన్సు మీద ఇష్టం ఎవరి వల్ల కలిగిందని చదివినవాళ్లు అడుగుతుంటారు. చిన్నప్పుడు ఒక మాస్టారు ఉండేవారని చెప్పి దాటేస్తాను. ఆ మాస్టారు మా ఇంట్లోనే ఉండేవాడనీ, నా కంచంలో ముద్దలు లాక్కుని తినేవాడనీ, ఆ తరవాత ఊరందరి ముందూ నన్ను వదిలేశాడనీ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

మాది రెంటచింతల పక్కన ఒక ఊరు. అక్కడి ఎండ గురించి వేరే ఊళ్లవాళ్లకు చెప్పినా నమ్మరు, మా ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం పూట కుక్క కూడా వీధి దాటదు. ఇల్లంతా నాపరాళ్లు పరిచి ఉండేది. సాయంత్రం అమ్మ బిందెలతో నీళ్లు తెచ్చి నేలమీద కుమ్మరిస్తే రాళ్లు బుసబుసమని ఆవిరి కక్కేవి. ఆ తడి రాతి వాసనా, పక్కన కళ్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటూ కలిసి ముక్కుకు ఎక్కేవి. కొత్తవాళ్లెవరైనా వస్తే తుమ్మి తుమ్మి చచ్చేవాళ్లు. మేం మాత్రం హాయిగా ఆ తడి నేలమీద బోర్లా పడుకుని చెంపలు ఆనించేవాళ్లం. నాయనమ్మ అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతూ, మంచినీళ్ల కుండకు చుట్టిన గుడ్డను మాటిమాటికీ తడుపుతుండేది. ఎవరు దాహం అన్నా ఆవిడే ముంచి ఇవ్వాలి. ఇంకొకరు కుండ మీద చెయ్యి వేస్తే ఆ పూటంతా సణుగుతూనే ఉండేది.

బాబాయి అప్పటికి బీఎస్సీ చదివి, పక్క ఊరి హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేరాడు. పెళ్లి కాలేదు. సైకిల్ మీద చెమటలు కక్కుతూ వచ్చి, చొక్కా విప్పి దండెం మీద పడేసి, తువ్వాలు తడిపి మెడకు చుట్టుకుని నా పక్కన నేలమీద వాలిపోయేవాడు. ఇంక మొదలు. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? కుండకు చెమట పడుతుంది కాబట్టి. చెమట ఆరిపోతూ పోతూ వేడిని వెంట తీసుకుపోతుంది కాబట్టి. "దానికీ ఉక్కపోస్తందా ఏందిరా" అని నాయనమ్మ నవ్వేది. నాపరాయి మీద సన్నగా అలలు అలలుగా గీతలుండేవి. వాటిమీద నా వేలు పట్టి నడిపించి, ఇది ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న బురద అని చెప్పాడు. మా పల్నాడంతా సముద్రం కింద ఉండేదట. చేపలు కూడా పుట్టని కాలంలో, ఎవరూ చూడని సముద్రంలో అలలు వచ్చిపోతూ ఆ బురదను ఇలా మడతలు పెట్టాయట. అది గట్టిపడి రాయయితే, దాన్ని కోసి పలకలు చేసి మనం ఇంట్లో పరుచుకున్నామట. నేను ఆ రాత్రంతా నేలమీద నుంచి లేవనని మొండికేశాను.

ఏది చెప్పినా చివర ఒక ప్రశ్న వేసేవాడు. "నీకెట్టా తెలుసు?" బాబాయి చెప్పాడు కాబట్టి అంటే ఒప్పుకునేవాడు కాదు. నేను చెబితే నిజమైపోద్దా, రేపు ఇంకొకడొచ్చి ఇంకోటి చెబితే అదీ నిజమేనా అని నిలదీసేవాడు. ఎనిమిదో క్లాసు పిల్లలకు కూడా అంత కఠినంగా చెప్పి ఉండడు. నేనేమో చింతపిక్కలాడుకునే వయసులో ఉన్నాను. అయినా నాకు ఆ ప్రశ్నంటే పిచ్చి. పెద్దవాళ్లు ఏదైనా అనగానే నా లోపల గంట కొట్టినట్టు ఆ ప్రశ్న మోగేది. మా అమ్మ దాన్ని పొగరు అనేది.

అమ్మ కడుపులో మా తమ్ముడు ఉన్నప్పుడు, ఇంటికి వచ్చిన ఒక అత్తయ్య ఉంగరానికి దారం కట్టి అమ్మ చేతిమీద వేలాడదీసింది. అది గుండ్రంగా తిరిగిందా, అటూ ఇటూ ఊగిందా అన్నదాన్ని బట్టి పుట్టేది ఆడో మగో చెబుతారు. ఉంగరం బ్రహ్మాండంగా తిరిగింది. అత్తయ్య వెళ్లిపోయాక బాబాయి ఆ ఉంగరాన్ని నా చేతికిచ్చాడు. చెయ్యి కదపకు, గుండ్రంగా తిరగాలని మనసులో అనుకో, చాలు అన్నాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఉంగరం గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఇప్పుడు అటూ ఇటూ ఊగాలనుకో అన్నాడు. అలాగే ఊగింది. నాకు భయమేసి ఉంగరం వదిలేశాను. భయమెందుకే, అది నీ చెయ్యే, నీకు చెప్పకుండా పనిచేస్తంది అని నవ్వాడు. మనం ఏదైనా జరగాలని ఎదురుచూస్తే, కండరాలు మనకు తెలియనంత కొంచెంగా కదులుతాయి. ఆ కొంచెం దారం పొడవునా పెరిగి ఉంగరం దగ్గరికి వచ్చేసరికి ఊపవుతుంది. చేసేది మనమే, చేశామని మనకే తెలియదు. ఇందులో మోసం లేదు, మోసం చేసేవాడూ లేడు, అదే దీంట్లో గొప్ప సంగతి అని చెప్పాడు. మీ దగ్గర దారమూ ఉంగరమూ ఉంటే ఇప్పుడే చేసి చూడవచ్చు. నేను రాసిన ఒక పుస్తకంలో ఇదంతా ఉంది, బాబాయి పేరు తప్ప.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కుడి కాలువ నీళ్లు మా మెట్టకు ఎలాగూ ఎక్కవు. నాన్న మిరప వేశాడు. బావి అడుగున బురద తేలింది. మొక్కలు పగలంతా తలలు వేలాడేసుకుని, తెల్లవారేసరికి కాస్త లేచేవి. నాన్న పొద్దున్నే చేనికి వెళ్లి వచ్చి ఎండిన మిరపాకు వేళ్లతో నలుపుతూ అరుగు మీద కూర్చునేవాడు. బోరు వేయించాలని నిర్ణయమైంది. మా వైపు బోరు వేయాలంటే ముందు పాయింటు చూడాలి. అంటే, నీళ్లెక్కడున్నాయో చెప్పే మనిషి రావాలి. ఆయన ఒలిచిన కొబ్బరికాయను పిలక వేళ్లవైపు ఉండేట్టు అరచేతిలో పడుకోబెట్టుకుని, చెప్పులు విప్పి, పొలంలో నడుస్తాడు. కింద నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుంది. అక్కడ సున్నంతో గుర్తు పెడతారు. బోరు బండి వచ్చి సరిగ్గా అక్కడే దిగుతుంది. ఇప్పటికీ ఇదే పద్ధతి.

బాబాయికి ఇది ఉంగరం సంగతిలాగే కనిపించింది. అరచేతిలో పడుకున్న కాయకు నిలకడ తక్కువ, బొటనవేలు పక్కనున్న కండ ఆవగింజంత బిగిస్తే చాలు లేచి కూర్చుంటుంది అన్నాడు. ఆ వెంటనే, "నీకెట్టా తెలుసు అని నన్నడగవేం?" అన్నాడు. అడిగాను. సరే రా చూద్దామని ఆదివారం పెరట్లోకి తీసుకెళ్లాడు. కుండలు తెచ్చి వరసగా పెట్టి, కొన్నిట్లో నీళ్లు పోసి, కొన్నిటిని ఖాళీగా ఉంచి, అన్నిటిమీదా గోతాలు కప్పాడు. నేను కాయ పట్టుకుని నడిచాను. ఏ కుండలో నీళ్లున్నాయో నేను చూశాను కదా, నీళ్లున్న ప్రతి కుండ దగ్గరా కాయ చక్కగా లేచింది. నేను గంతులేశాను. అప్పుడు అమ్మను పిలిచి, నన్నూ తననూ ఇంట్లో పెట్టి తలుపు వేసి, కుండలు అటూ ఇటూ మార్చి, ఆమెను గోడ చాటుకు వెళ్లిపొమ్మన్నాడు. అమ్మ బరువు మోసుకుంటూ కుండలు మార్చింది. మీ ఇద్దరికీ పనీపాటా లేదని తిట్టింది కూడా. మళ్లీ నడిచాను. కాయ ఖాళీ కుండల దగ్గర లేచింది, నిండు కుండల మీద హాయిగా పడుకుంది. బాబాయి కూడా నడిచాడు. ఆయనకూ అంతే. పెట్టిన మనిషి ఎదురుగా ఉండకూడదు, చూసే మనిషికి ముందు తెలియకూడదు, ఇంతే అమ్మడూ సైన్సంటే, మిగతాదంతా దీనికి ముస్తాబు అన్నాడు. తరవాత పెద్ద చదువుల్లో ఎంతోమంది దగ్గర చదువుకున్నాను గానీ ఇంత పొందికగా చెప్పినవాళ్లు నాకు దొరకలేదు.

పాయింటు చూసే ఆయన వచ్చిన రోజు ఇంటి ముందు పెళ్లి సందడిలా ఉంది. పెద్దాయన, తెల్లటి పంచె, నుదుట పెద్ద బొట్టు, మితమైన మాట. ఊళ్లో పెద్దలు నలుగురూ వచ్చారు. అందరం చేనికి వెళ్లాం. ఆయన చెప్పులు విప్పి, తూర్పుకు దండం పెట్టి, కాయ అరచేతిలో పెట్టుకున్నాడు. అందరి కళ్లూ కాయ మీదే. ఇంతమందికీ తెలియని సంగతి నాకూ బాబాయికీ తెలుసు. నాన్న తప్పు చోట బోరు వేయిస్తే చేను చస్తుంది. బాబాయి చెబుతాడని చూశాను. ఆయన గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బహుశా నన్ను చెప్పమంటున్నాడేమో అనుకున్నాను. అంత నమ్మకం నాకు.

"ఆయన కళ్లకు గుడ్డ కట్టండి నాన్నా" అన్నాను. "గుడ్డ కట్టుకుని అక్కడికే మళ్లీ మళ్లీ వస్తే నిజం. లేకపోతే అది ఆయన చెయ్యి లేపడమే."

పెద్దాయన నడక ఆపి, కాయ సంచిలో వేసుకుని, చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఊరి పెద్దలు గోల గోలగా ఆయన చుట్టూ మూగారు. నాన్న మొహం నల్లబడిపోయింది. నా వైపు రాలేదు, బాబాయి వైపు తిరిగాడు.

"ఏందిరా ఇది? నువ్వేగా దీనికి ఇయ్యన్నీ నూరిపోసేది?"

బాబాయి నన్ను చూశాడు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ చూపు కనిపిస్తుంది. తరవాత తల అటు తిప్పుకుని, "నేనెందుకు చెబుతానన్నయ్యా. చిన్నపిల్ల, ఏ పుస్తకంలోనో చదివినట్టుంది" అన్నాడు.

అని ఊరుకోలేదు. నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఆ పెద్దాయన కాళ్ల దగ్గరికి తీసుకెళ్లి వంచాడు. తప్పయిందని చెప్పు అన్నాడు. చెప్పాను. దుమ్ములో ఆ పాదాలు, పగిలిన మడమలు, నా మెడ వెనక బాబాయి అరచెయ్యి. కొట్టి ఉంటే మరిచిపోయేదాన్ని. మా ఇళ్లలో దెబ్బలు తినని పిల్లలెవరు? ఆ చెయ్యి నన్ను చాలా మెత్తగా వంచింది, అదే నేను మరిచిపోలేనిది.

పెద్దాయన శాంతించాడు. కానీ ఇంక తను పట్టనన్నాడు. కాయకు దిష్టి తగిలిందట. ఈ ఇంట్లో ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్లెవరైనా ఉంటే వాళ్లకు లేస్తుందన్నాడు. ఇది కూడా మా వైపు గట్టి నమ్మకమే. అన్ని రక్తాల్లోకీ అదొక్కటే నీటిని గుర్తుపడుతుందట. మన దగ్గర ఎక్కడ చూసినా కనిపించే రక్తమది, కాబట్టి పట్టేవాడు ఎప్పుడూ దొరుకుతాడు. బాబాయి కాలేజీలో రక్తదానం చేసి ఉన్నాడు, ఆయనది అదేనని ఇంట్లో అందరికీ తెలుసు. నాన్న సంబరంగా తమ్ముడిని ముందుకు తోశాడు. బాబాయి కాయ పుచ్చుకుని నడిచాడు. వాగు వైపు వెళ్లి, గట్టు పక్కన ఆగాడు. కాయ లేచి నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. వేలు కదిపాడు అనుకున్నాను. కావాలనే కదిపాడు, దొంగ అనుకున్నాను.

నీళ్లు పడ్డాయి. ఇది రాయకుండా దాటేస్తే నేనూ నిజాయితీ లేనిదాన్నవుతాను. బోరు బండి హోరున రాయిని తొలుస్తుంటే బూడిదరంగు పొడి మబ్బులా లేచింది. కాసేపటికి పొడి తడిసి ముద్దయింది, తరవాత నీళ్లు ఎగదన్నాయి. నాన్న ఆ బురద నీళ్లలో తమ్ముడిని పట్టుకుని ఏడ్చాడు. చేను బతికింది. అమ్మ కూడా ఆ రోజు నన్ను చూసి, ఇప్పుడేమంటావే అన్నట్టు నవ్వింది. గెలిచినవాళ్ల ఇంట్లో ఓడిపోయిన దాన్ని నేనొక్కదాన్నే.

నీళ్లు ఎందుకు పడ్డాయో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. భూమి లోపల నీళ్లు మన ఒంట్లో నరాల్లా గీతలు గీసుకుని పారవు. మా సున్నపురాయి నిండా పగుళ్లు. వాననీళ్లు ఆ పగుళ్లలోకి దిగి, రాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ సందులు వెడల్పు చేసుకుంటాయి. వాగు పక్కన అలాంటి చోట ఎక్కడ తవ్వినా చాలావరకు ఏదో ఒక తడి పగులు తగులుతుంది. బాబాయికి వాగూ తెలుసు, చేనూ తెలుసు. ఆయన కాళ్లు అటే నడిచాయి, ఆయన చెయ్యి అక్కడే లేపింది. ఆ తరవాత పక్క చేనాయన ఏ కాయా పట్టకుండా, కరెంటు స్తంభం దగ్గరని చూసుకుని బోరు వేస్తే అక్కడా నీళ్లు పడ్డాయి. దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. నీళ్లు పడ్డ బోరు ఊరంతా తిరిగి కథ చెబుతుంది. పడని బోరు మీద రాయి పెట్టి కప్పేస్తారు, ఇంక దాని గురించి ఎవరూ ఎత్తరు. లెక్క పెట్టాల్సింది రెండింటినీ. ఇదీ బాబాయి చెప్పిందే, అంతకుముందు సంవత్సరం.

అక్కడితో ఆగి ఉంటే నేను ఎప్పుడో సర్దుకునేదాన్ని. పెద్దయ్యాక నాకే అర్థమైంది. ఆయన్ని చదివించింది నాన్న. అన్న అడుగుతుంటే నలుగురిలో ఎదురు చెప్పడం మా ఇళ్లలో తమ్ముళ్లు చేసే పని కాదు. పిరికితనం అనుకుని, జాలిపడి వదిలేసేదాన్ని. కానీ బాబాయి చెయ్యి మంచిదని పేరు పడింది. రాజుపాలెం నుంచీ, ఇంకా అవతల నుంచీ జీపులు వచ్చేవి. ఆదివారాలు మా పెరట్లో కుండలకు బదులు మనుషులు వరసగా కూర్చునేవారు. వారమంతా బళ్లో పిల్లలకు సైన్సు చెప్పి, సెలవు రోజున కొబ్బరికాయ పట్టుకుని తెల్ల పంచెలో బయల్దేరేవాడు. నాతో పాత పద్ధతిలో కబుర్లు చెప్పాలని చూసేవాడు. నక్షత్రాలు చూద్దాం రావే అనేవాడు. నాకు తలనొప్పి అనేదాన్ని. నీళ్లు పడనివాళ్లు కూడా వచ్చి, మీ తప్పేం లేదు మాస్టారూ, మా రాత అట్టా ఉంది అని దండం పెట్టి పోతుంటే, నాకు ఒళ్లు మండిపోయేది. అయినా నేను మళ్లీ ఎప్పుడూ నోరు తెరవలేదు. తెరిస్తే ఏమవుతుందో మెడ మీద గుర్తుంది.

మాచర్ల బస్సులో కూర్చుని ఇదంతా తలుచుకున్నాను. దారి పొడవునా మిరప చేలు. ఇప్పుడు మందు కొట్టడానికి డ్రోన్లు వచ్చాయి. పక్క సీటులో కుర్రాడు, ఇంజినీరింగ్ చదివాడట, మాటల్లో మాటగా తమ చేలో బోరు వేయిస్తున్నామని చెప్పాడు. మీటరు పెట్టి చూసే జియాలజిస్టును పిలిచారా అని అడిగాను. పిలిచాం మేడమ్, కానీ ముందు కాయతో చూపించి, ఆ చోటే ఆయన్ని కూడా చూడమన్నాం అన్నాడు. ఫోన్‌లో వీడియో కూడా చూపించాడు. నా చిన్నప్పుడు ఈ ముచ్చట చూడాలంటే చేనికి వెళ్లాల్సి వచ్చేది, ఇప్పుడు అది జేబులోకే వస్తోంది. అప్పుడు ఊరికి ఒక్కడైనా నీకెట్టా తెలుసు అని అడిగేవాడు ఉండేవాడు. నాకు మళ్లీ కోపం వచ్చింది. ఆ కోపంతోనే, ఇవాళ్టితో అది తీరిపోతుందన్న ఆశతోనే బాబాయి ఇంటి మెట్లెక్కాను.

బాబాయి తన కూతురు వాణి దగ్గర ఉంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. ఫ్యాను కింద మంచం మీద కూర్చుని, నన్ను చూడగానే కళ్లు తుడుచుకున్నాడు. వాణి మజ్జిగ ఇచ్చి వంటింట్లోకి వెళ్లింది. తలగడ పక్కన నా పుస్తకాలు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. చదివి చదివి అట్టలు ఊడిపోయాయి. ఉంగరం సంగతి చానా బాగా రాశావే అన్నాడు. పిల్లలకు అట్టాగే చెప్పాల అన్నాడు. నా మనసు కరిగి నీళ్లయిపోయింది. ఆ ఒక్క మాటా అనేస్తే చాలు, ఇప్పుడే అనేస్తాడు అనుకున్నాను.

"నీకు చెప్పాలన్నది ఏందంటే," అని నా చెయ్యి పట్టుకున్నాడు, "ఇది నాతో పోగూడదమ్మా. వాణికి లేదు, దాని రక్తం వేరే. మీ అమ్మ ఆపరేషనప్పుడు నువ్వు రక్తమిచ్చావు గదా, నీది ఓ పాజిటివ్. నీ చేతిలో ఉంది. నా తరవాత నువ్వు పట్టాల."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా, వేళాకోళమాడుతున్నాడేమోనని మొహం చూశాను. ఆ మొహంలో వేళాకోళం లేదు.

"ఆ రోజు చేలో నువ్వే లేపావు కదా బాబాయ్" అన్నాను. "నాన్నకు భయపడి."

"లేదమ్మా. అన్నయ్యకి భయపడింది నిజం. నీ మీద చెయ్యేసి వంచింది నిజం. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తది. కానీ కాయ నేను లేపలా. లేవగూడదనే పట్టుకున్నా. లేవకపోతే నీ మాట నిలబడుద్ది, నేను నోరిప్పకుండానే అందరికీ తెలుస్తది అనుకున్నా. అదే లేచింది. ఒళ్లంతా జలదరించింది. అప్పటిదాకా చదువుకుందంతా ఏడబోయిందో."

"చెయ్యి మనకు చెప్పకుండా పనిచేస్తుందని చెప్పింది నువ్వే కదా."

"అది ఉంగరం సంగతి."

"మరి పెరట్లో కుండలు? ఖాళీ కుండల దగ్గర లేచింది కదా, నీకూ లేచింది కదా."

దానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఎన్నేళ్ల కిందట తయారు చేసుకున్నాడో. కుండలో నీళ్లు నిలవ నీళ్లట. కాయకు కదిలే నీళ్లే తెలుస్తాయట. మన పరీక్షే తప్పు, ఆ వయసులో మనకేం తెలుసు అన్నాడు. ఆ "మన" అన్న మాట విని, అంతటి మనిషి మీద కూడా నాకు చీదర పుట్టింది. నేను పంతంగా, అయితే ఇప్పుడే చూద్దామన్నాను. వాణిని పిలుద్దాం, వీధిలో మున్సిపాలిటీ పైపు పోతోంది, అందులో నీళ్లు కదులుతూనే ఉంటాయి, నీకు కళ్లకు గంతలు కడతాను, పైపు ఎక్కడుందో నువ్వే చెప్పు అన్నాను. ఆయన చిన్నపిల్లను చూసినట్టు నన్ను చూసి నవ్వాడు.

"నమ్మకం లేనివాళ్లు పక్కనుంటే లేవదు అమ్మడూ. ముందు నువ్వు నమ్మాల."

ఇన్నేళ్లూ బాబాయిని దొంగ అని తిట్టుకున్నాను. పిరికివాడు అనుకున్నాను. అలా తిట్టుకున్నన్నాళ్లూ నాకొక ధైర్యం ఉండేది, ఇప్పుడు తెలుస్తోంది. అబద్ధమాడే మనిషికి నిజమేదో తెలిసి ఉంటుంది కదా. పైకి ఒప్పుకోకపోయినా, ఆ రోజు చేలో నేనన్నదే నిజమని తెలిసిన మనిషి మాచర్లలో ఒకడున్నాడు అనుకుంటూ బతికాను. పుస్తకాలు రాస్తున్నప్పుడు కూడా, ఎవరు చదివినా చదవకపోయినా, ఆయన చదివి లోపల్లోపల సిగ్గుపడతాడనే రాశాను. ఆయన సిగ్గుపడింది నన్ను వంచినందుకు. కాయ విషయంలో ఆయనకు ఏ సిగ్గూ లేదు, ఉండాల్సిన అవసరమే లేదు. నాకు అన్నీ నేర్పిన ఆ బాబాయి, కాయ లేచిన క్షణంలోనే చేలో పోయాడు. నాకెవరూ చెప్పలేదు.

బస్సు వేళయిందని లేచాను. వాణి గుమ్మం దాకా వచ్చి, నాన్న ఏమన్నాడక్కా, రాత్రి నుంచీ నీకోసం ఒకటే కలవరింత అంది. పాత సంగతులేనని చెప్పాను. బాబాయి గోడ పట్టుకుని నెమ్మదిగా వచ్చి నా తలమీద చెయ్యి పెట్టాడు. నా మొహంలో ఏం కనిపించిందో, నేను ఒప్పుకోలేదని బెంగపడకుండా, ఎంతో ఆపేక్షగా, "పోన్లే, ఏం బాధపడమాకు. నీకు నమ్మకం కుదరాలని రోజూ దండం పెట్టుకుంటాలే" అన్నాడు. చేలో అంతమంది ముందు వంగినప్పుడు ఏడవని దాన్ని, ఆ మాటకు ఏడ్చాను.